క్లామ్ ఆకలి, సున్నపు తేట

రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో) జెయింట్ క్లామ్ అనే పెద్ద సముద్రపు ఆల్చిప్ప చనిపోయిందని ఎవరైనా చెప్పగానే మన అక్వేరియం మిత్రుల నోట వచ్చే మొదటి ప్రశ్న "దానికి ఏం తినిపించేవారు?" అన్నదే. నాకు పేచీ ఈ ప్రశ్నతోనే. క్లామ్ కూడా చేపలాగానే మనం వేసింది తిని బతుకుతుందనీ, అది చిక్కిపోయిందంటే తిండి చాలలేదని అర్థమనీ ఆ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉన్నది. ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు) సీసాల వ్యాపారమంతా ఆ ఊహ మీదనే నడుస్తున్నది. హనుమకొండలో ఒక మధ్యతరగతి ఇంటి ముందుగదిలో, 200 లీటర్ల తొట్టిలో డెరాసా జాతి క్లామ్‌ను పెంచుతున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది దీనికి దాదాపు ఎదురుగా ఉంటుంది. క్లామ్ తిండిలో పెద్ద వాటా వెలుతురు నుంచి వస్తుంది, మిగిలినదానిలో చాలా భాగం చేపల విసర్జన నుంచి నీటిలో కరిగే నత్రజని, ఫాస్ఫరస్‌ల నుంచి వస్తుంది. మనం చూసుకోవలసింది ఆ నీటిలోని పోషకాలు సున్నా స్థాయికి కడిగివేయబడకుండా, దాని ఆల్కలినిటీ (నీటిలో కరిగి ఉండే బైకార్బొనేట్ల నిల్వ) రోజురోజుకూ ఊగిసలాడకుండా ఉంచడం. సీసా కొనే డబ్బు ఆల్కలినిటీ టెస్ట్ కిట్ మీద పెట్టండి అన్నది నా వాదన.

ముందు చట్టం సంగతి చెప్పి పక్కన పెడతాను. మన సముద్రాలలో దొరికే ట్రైడాక్నా మ్యాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా, హిప్పోపస్ హిప్పోపస్ జాతులను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అండమాన్ నుంచో లక్షద్వీప్ నుంచో తెచ్చానని ఎవరైనా తక్కువ ధరకు చూపిస్తే అది నేరంలో వాటా అమ్మడమే. జెయింట్ క్లామ్‌లన్నీ సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్నాయి. 2022 సవరణ తరువాత అటువంటి విదేశీ జీవాలను ఇంట్లో ఉంచుకునేవారు వాటిని నమోదు చేయించుకోవాలి. కాబట్టి ఈ వ్యాసమంతా హ్యాచరీలో పుట్టి, కాగితాలతో దిగుమతి అయి, నమోదైన క్లామ్ గురించే. డెరాసాను ఎంచుకోవడానికి ఒక కారణం అదే: 1980లలో పలావు దీవులలోని హ్యాచరీలో పెద్ద ఎత్తున పెంచడం మొదలైన జాతి ఇది, పగడపు దిబ్బ నుంచి పెకిలించి తేవలసిన అవసరం లేనిది.

ఇక తిండి. పగటి పూట ట్యాంకు ముందు కూర్చుని చూస్తే, రెండు చిప్పల మధ్య నుంచి బయటికి పరుచుకున్న మెత్తని కండ కనిపిస్తుంది. దానినే మాంటిల్ అంటారు. డెరాసాలో అది గోధుమ రంగు మీద నీలపు, ఆకుపచ్చ చారలతో ఉంటుంది. ఆ కండలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు (నాచు జాతి జీవులు) లక్షలాదిగా కాపురముంటాయి. పగడాలలో ఇవి కణాల లోపల ఉంటే, క్లామ్‌లో జీర్ణాశయం నుంచి చీలి మాంటిల్ లోకి కొమ్మలుగా పాకిన సన్నని గొట్టాలలో, కణాలకు వెలుపల ఉంటాయి. తల్లి గుడ్డుతో ఇవి రావు. డింభక దశలో నీటి నుంచి మింగిన శైవలాలలోనివే జీర్ణం కాకుండా నిలిచి వంశం పెంచుకుంటాయి. తాము తయారుచేసే చక్కెరలలోనూ ఇతర పోషకాలలోనూ ఎక్కువ భాగాన్ని ఇవి క్లామ్‌కు వదిలేస్తాయి. మాంటిల్ మీది మెరుపును మనం అందం అనుకుంటాము కానీ, ఆ మెరుపునిచ్చే ఇరిడోసైట్ అనే కణాలు పనికివచ్చే కాంతిని లోపలి వరుసల శైవలాల దాకా చెదరగొట్టి పంపుతాయని 2014లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. అంటే మాంటిల్ మొత్తం వెలుతురును కోసుకునే పొలమే.

అయినా క్లామ్ వడగట్టి తినదని నేను అనడం లేదు. అనకూడదు కూడా, ఎందుకంటే ఎదుటి పక్షం దగ్గర గట్టి ఆధారమే ఉన్నది. 1992లో క్లంప్, బేన్, హాకిన్స్ అనే శాస్త్రవేత్తలు ట్రైడాక్నా గైగాస్ మీద చేసిన కొలతలలో, ఆరిన కండ బరువు 100 మిల్లీగ్రాములుండే చిన్న క్లామ్‌లు శ్వాసకూ పెరుగుదలకూ కావలసిన కార్బన్‌లో 65 శాతాన్ని వడగట్టిన ఆహారం నుంచే పొందుతున్నాయని తేలింది. 10 గ్రాములుండే పెద్దవాటిలో ఆ వాటా 34 శాతం. 2 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉండే రేణువులలో నాలుగింట మూడు వంతులను వాటి మొప్పలు పట్టివేస్తాయి. "చిన్న క్లామ్‌కు ఫైటోప్లాంక్టన్ వేయకపోతే చస్తుంది" అనే మాట ఈ అంకెల నుంచే పుట్టి, అంకెలు రాలిపోయి మాట మాత్రమే మిగిలింది.

ఆ అంకెలను నేను ఇలా చదువుతాను. అవి ఒక జాతివి, అదీ అన్నిటికన్నా పెద్దగా పెరిగే జాతివి. 1994లో క్లంప్, గ్రిఫిత్స్ కలిసి నాలుగు జాతులను పక్కపక్కన పెట్టి కొలిచినప్పుడు వెలుతురు ద్వారా వచ్చే ఆహారమే ప్రధానమైనదిగా కనిపించింది. పైగా ఆ క్లామ్‌లు వడగట్టింది దిబ్బ మీది మామూలు నీటిని. ఆ నీటిలో శైవలాలతో పాటు బ్యాక్టీరియా, చివికిన తునకలు, రకరకాల రేణువులు ఉంటాయి. రోజూ చేపలకు మేత పడే ట్యాంకులో అటువంటి రేణువులకు కొదవ లేదు. రాళ్ల మీద చేపలు తోక ఆడించినప్పుడల్లా లేచే మడ్డి ఎంతో చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. వడగట్టిన ఆహారం అవసరమన్నంత మాత్రాన సీసా అవసరమని రుజువు కాదు. రెండు అంగుళాలకు లోపు ఉన్న పిల్ల క్లామ్‌ను కొనకండి అని మాత్రం నేనూ చెబుతాను. దాని ఒంట్లో నిల్వ తక్కువ, ప్రయాణపు దెబ్బకు అది తట్టుకోలేదు. మూడు, నాలుగు అంగుళాలది కొంటే ఈ తగవులో సగం అక్కడికే తీరిపోతుంది.

మరి సీసా వాడినవారిలో కొందరు "మాంటిల్ బాగా విచ్చుకుంది, రంగు ముదిరింది" అంటారు కదా? వారు చూసింది నిజమే కావచ్చు. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో ఉడికి వరంగల్ చేరిన సీసాలో ఎన్ని కణాలు ప్రాణంతో ఉంటాయో నాకు అనుమానమే. చచ్చిన కణాలు ట్యాంకులో కుళ్లి అమ్మోనియాగా, ఫాస్ఫేట్‌గా మారతాయి. ఆ రెండింటినీ క్లామ్ మాంటిల్ నేరుగా నీటి నుంచి పీల్చుకుంటుంది. సీసా అక్కడ తిండిగా కాక ఎరువుగా పనిచేసిందని నా అంచనా. హ్యాచరీలలో పిల్ల క్లామ్‌లు త్వరగా పెరగడానికి నీటిలో అమ్మోనియం లవణాలను కొద్దికొద్దిగా కలిపే పద్ధతి ఉన్నదనే విషయం ఈ అంచనాకు బలమిస్తుంది. ఎరువే కావాలంటే దానికన్నా చవకైనది మన చేపల తోక కింద రోజూ దొరుకుతున్నది.

ఇక్కడే రెండవ తగవు. మన రీఫ్ పెంపకందారులలో చాలామంది నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా కావడమే నీటి శుభ్రతకు పరాకాష్ఠ అనుకుంటారు. నీటిలోని మురికిని నురగగా తీసే పెద్ద స్కిమ్మర్ పెడతారు, ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ రేణువుల రియాక్టర్ నడుపుతారు, చేపలను రెండు రోజులకొకసారి మాత్రమే మేపుతారు. కాజీపేటలో రైల్వేలో పనిచేసే ఒక మిత్రుడు ఒకనాడు ఫోన్ చేసి, "అన్నా, నా నీళ్లల్ల నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. అయినా క్లామ్ తెల్లవడుతున్నది. ఇంకేం ఫీడ్ ఎయ్యాలె?" అని అడిగాడు. "క్లామ్‌కు ఏం ఎయ్యకు తమ్మీ, చేపలకు రోజూ కడుపు నిండ పెట్టు, ఆ రియాక్టర్ తీసి అవతల పెట్టు" అన్నాను. ఎండ ఎంత కాసినా ఎరువు లేని చేనులో పత్తి కాయనట్టే, ఎంత ఖరీదైన ఎల్ఈడీ దీపం కింద పెట్టినా నత్రజని దొరకని శైవలాలు పలచబడిపోతాయి, మాంటిల్ వెలిసిపోతుంది. వారాలు గడిచిన తరువాత అతని క్లామ్ మాంటిల్ మధ్య నుంచి మళ్లీ గోధుమ రంగు తిరిగింది. ఆ గోధుమ రంగు చూసి అతడు కొంచెం నొచ్చుకున్నాడు కూడా, ఎందుకంటే అతనికి నీలం కావాలి. శైవలాలు పెరిగితే గోధుమ ఛాయ పెరగడం సహజం. ఫోటోలో నీలంగా కనిపించే క్లామ్ అన్నివేళలా కడుపు నిండిన క్లామ్ కాదు. నా ట్యాంకులో నైట్రేట్ 5 పీపీఎం (పది లక్షలకు ఐదు భాగాలు) చుట్టూ, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం చుట్టూ ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. రెండింటిలో ఏదైనా టెస్ట్‌లో కనిపించకుండా పోయిందంటే మేత పెంచుతాను.

తిండి సంగతి ఇంతటితో వదిలి నీటి దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను చూసినంతలో క్లామ్‌లు మన ప్రాంతంలో చిక్కిపోవడానికి కారణం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఏ దిక్కున వెళ్లినా సముద్రం మనకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నీరంతా ఉప్పు పొడి కలిపి చేసుకోవలసిందే, ఆ పొడి కలపడానికి మంచినీరు కావలసిందే. మన గ్రానైటు నేల బోరు నీటిలో కాఠిన్యం, సిలికా, చాలాచోట్ల నైట్రేట్ ఉంటాయి. మిషన్ భగీరథ నీటిలో క్లోరిన్ ఉంటుంది. అందుకే కార్బన్ వడపోత, ఆర్వో, దాని తరువాత మిగిలిన లవణాలను పట్టే డీఅయొనైజింగ్ రెసిన్, ఈ మూడూ దాటి టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీరే వాడాలి. తెలంగాణలో నీటి మాట రాగానే అందరూ ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. విచిత్రమేమిటంటే సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది, కాబట్టి క్లామ్ విషయంలో మన భయం అది కాదు. భయపడవలసింది రాగికి. ఇత్తడి కుళాయి నుంచి, రాగి తీగ తుప్పు నుంచి, చేపల తెల్లమచ్చ తెగులుకు వాడే మందు నుంచి వచ్చే కొద్దిపాటి రాగి కూడా మెత్తని శరీరపు జీవులకు విషమే. రాగి మందు ఒకసారి పడిన ట్యాంకులో క్లామ్‌ను పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఉప్పు సాంద్రత 35 పీపీటీ (వెయ్యికి 35 భాగాలు) దగ్గర నిలిచిన తరువాత లెక్కలోకి వచ్చేవి మూడు: కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం. సముద్రపు నీటిలో కాల్షియం 420 పీపీఎం చుట్టూ, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) చుట్టూ, మెగ్నీషియం 1300 పీపీఎం చుట్టూ ఉంటాయి. మెగ్నీషియం పని, మిగిలిన రెండూ నీటిలోనే కలిసి సుద్దగా పేరుకుపోకుండా ఆపడం. నెలకొకసారి కొలిస్తే చాలు. అసలు కథ మిగిలిన రెంటిది. క్లామ్ చిప్ప అరగొనైట్ అనే రూపంలోని కాల్షియం కార్బొనేట్. ఆ చిప్ప కట్టుకోవడానికి నీటి నుంచి 20 పీపీఎం కాల్షియం ఖర్చయితే దానితో పాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చవుతుంది. ఈ నిష్పత్తిని ఒకసారి కాగితం మీద వేసి చూడండి. కాల్షియం 420 నుంచి 400కు దిగితే మన ఇంటి టెస్ట్ కిట్ దానిని సరిగా పట్టుకోలేదు కూడా, క్లామ్‌కు అది పట్టదు కూడా. అదే సమయంలో ఆల్కలినిటీ 8 నుంచి 5.2కు పడిపోయి ఉంటుంది, మూడో వంతు పైగా పోయినట్టే. "కాల్షియం బాగానే ఉంది, మరి ఎందుకు పెరగడం లేదు?" అని అడిగేవారందరికీ నా ఎదురు ప్రశ్న, ఆల్కలినిటీ ఎప్పుడు కొలిచారు అన్నది.

ఎంత ఉండాలి అన్నదానికన్నా ఎంత కదలకుండా ఉండాలి అన్నది ముఖ్యం. 7.5లో నిలకడగా ఉన్న ట్యాంకు, వారంలో 7కూ 10కీ మధ్య ఊగే ట్యాంకు కన్నా మేలు. నేను 8 దగ్గర ఉంచుతాను.

దానిని అక్కడ నిలబెట్టే సాధనం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే: సున్నపు తేట. సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, ఒక లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాములకు కొంచెం పైన మాత్రమే కరుగుతుంది. ఎక్కువ వేసినా అడుగున మడ్డిగా కూర్చుంటుంది తప్ప తేట చిక్కబడదు. ఆ తేటలో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ చిప్పకు కావలసిన నిష్పత్తిలోనే ఉంటాయి కనుక ఒకటి పెరిగి ఒకటి తగ్గే గొడవ లేదు. తాంబూలంలోకి వాడే సున్నం పనికిరాదా అని అడుగుతారు. దానిలో ఏమేమి కలిసి ఉన్నదో తెలియదు కనుక ఆహార నాణ్యత గల, మూట మీద స్వచ్ఛత రాసి ఉన్న పొడినే తీసుకోవాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆర్వో నీరు పోసి, పొడి వేసి కలిపి రాత్రంతా వదిలేస్తే పొద్దునకు పైన అద్దంలాంటి నీరు, అడుగున తెల్లని పొర విడివిడిగా కనిపిస్తాయి. మూత సరిగా పడకపోతే తేట మీద మీగడలా పలచని పెళుసు రేకు కడుతుంది, వేలితో తాకితే విరిగి ముక్కలై మునుగుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కట్టిన సుద్ద. ఆ మేరకు మన తేట బలం తగ్గినట్టే. గొట్టాన్ని ఆ రేకుకు కిందుగా, అడుగు మడ్డికి పైగా ఉండేలా అమర్చాలి. పొడిలో ఉన్న లోహాల మలినాలు చాలావరకు ఆ మడ్డిలోనే ఉండిపోతాయి కనుక దానిని కదపకపోవడం మంచిది.

తేట బలం తక్కువదేమీ కాదు, దాని పీహెచ్ 12 దాటుతుంది. నిండుగా కరిగిన తేట ఒక లీటరు 200 లీటర్ల ట్యాంకులో ఆల్కలినిటీని సుమారు 0.6 డీకేహెచ్ పెంచుతుంది. రోహిణి కార్తెలో నా ట్యాంకు నుంచి రోజుకు మూడు లీటర్ల దాకా ఆవిరవుతుంది. ఆ మూడు లీటర్లనూ నిండు తేటతో పూడ్చితే రోజుకు 1.7 డీకేహెచ్ చేరుతుంది, ఒక క్లామ్, నాలుగు పగడాలు ఉన్న ట్యాంకుకు అది మోతాదు మించిన లెక్క. అందుకే ఎండాకాలంలో తేటను పలచగా కలుపుతాను, శీతాకాలంలో చిక్కగా. దేశంలో తేమగాలి ఊళ్ల పెంపకందారులు ఆవిరి చాలక సున్నపు తేటను వదిలిపెడుతుంటే, మన వడగాడ్పు మనకు ఆ అవకాశాన్ని ఉచితంగా ఇస్తున్నది. ఎండను తిట్టుకునే మన రీఫ్ మిత్రులకు ఈ మాట నచ్చదు, అయినా నిజం.

పోసే వేళ కూడా లెక్కే. వెలుతురు ఉన్నప్పుడు శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను తినివేయడం వలన పీహెచ్ పెరుగుతుంది, చిప్ప కట్టడం కూడా అప్పుడే వేగంగా సాగుతుంది. దీపాలు ఆరిన తరువాత అన్నీ శ్వాసిస్తాయి, పీహెచ్ దిగుతుంది. తలుపులు మూసి ఏసీ వేసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే మే నెల రాత్రులలో మన ఊపిరి కూడా ఆ దిగుడుకు తోడవుతుంది. కాబట్టి తేట బొట్టుబొట్టుగా, రాత్రి పూట, నీటి ప్రవాహం బలంగా ఉన్న చోట పడాలి. మూడు లీటర్లు ఒక్కసారిగా గుమ్మరించారంటే పీహెచ్ ఎగదన్ని, నీరు పాలలా తెల్లబడి, క్లామ్ మూసుకుని తెరుచుకోదు.

వేడి గురించి పొడుగ్గా రాయను. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి; 30 దాటి రోజులు గడిస్తే పగడం లాగానే క్లామ్ కూడా తన శైవలాలను వెళ్లగక్కుతుంది. బయట 44 డిగ్రీలున్న పొడి ఎండలో నీటి మీదుగా వీచే చిన్న ఫ్యాన్ చేసే మేలు చాలామంది నమ్మరు. ఫ్యాన్‌తో పాటు ఆవిరైన నీటిని దానంతటదే పూడ్చే పరికరం ఉండాలి, లేకపోతే సాయంత్రానికి ఉప్పదనం పెరిగిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద దీపాలు అక్కరలేదు, నీటి పంపు ఒక్కటి తిరిగితే చాలు. స్ట్రాన్షియం, అయోడిన్ సీసాల గురించి అడిగేవారికి, రెండు వారాలకొకసారి పదిశాతం నీరు మార్చండి అన్నదే నా జవాబు.

ఇదంతా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మాంటిల్ రంగును నమ్మకండి, చిప్ప అంచును చూడండి. ట్యాంకు మీద చేయి నీడ పడినప్పుడు క్లామ్ ఉలిక్కిపడి ముడుచుకుంటుంది. ఆ ఒక్క క్షణంలో పాత చిప్ప మీది పాచిరంగుకు పైన, పై అంచు వెంట పాలతెలుపు గీత ఒకటి మెరుస్తుంది. అది ఈ వారాలలో కట్టిన కొత్త సున్నం. గీత వెడల్పుగా, ఏ పాచీ పట్టకుండా ఉంటే క్లామ్‌కు తిండీ నీరూ రెండూ సరిపోతున్నాయి. గీత కనిపించక అంచు దాకా పాచి పట్టి ఉంటే పెరుగుదల ఆగిపోయింది, అప్పుడు ఆల్కలినిటీ, నైట్రేట్, దీపం ఈ వరుసలో చూడాలి. నీడ పడినా క్లామ్ తీరిగ్గా మూసుకుంటున్నా, నీరు పీల్చే రంధ్రం ఎప్పుడూ వెడల్పుగా తెరుచుకుని ఉన్నా ఆలస్యం అప్పటికే జరిగిపోతున్నది. మంచిగా పెరిగే డెరాసా ఇంకొక ఇబ్బంది తెస్తుంది: సముద్రంలో అది అరవై సెంటీమీటర్ల దాకా పెరిగే జీవి. కొనేముందే రెండింతల ట్యాంకుకు ఇంట్లో చోటు ఎక్కడో ఆలోచించుకోవాలి, ఇంట్లోవాళ్లను అడిగి మరీ.

జూన్‌లో మృగశిర చొచ్చి గాలిలో తేమ చేరగానే ఈ ఏర్పాటులో ఒక మార్పు చేయవలసి వస్తుంది. ఫ్యాన్ తిరిగినా నీరు చల్లబడదు, ఆవిరి సగానికి సగం పడిపోతుంది, తేట పోయడానికి చోటు ఉండదు. అప్పుడు నీటిని చల్లబరిచే చిల్లర్ నడపక తప్పదు. సున్నం లోటును వంటసోడాతోనూ కాల్షియం క్లోరైడ్‌తోనూ పూడ్చాలి. 200 లీటర్లకు ఆరు గ్రాముల వంటసోడా సుమారు ఒక డీకేహెచ్ ఇస్తుంది, దానికి జోడీగా ఐదు గ్రాముల పైచిలుకు కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ సరిపోతుంది. రెండింటినీ ఒకే గ్లాసులో కలిపితే అక్కడికక్కడే సుద్ద పేరుకుంటుంది, కాబట్టి విడివిడిగా కరిగించి సోడాను పొద్దున, క్లోరైడ్‌ను రాత్రి పంపు ముందర పోస్తాను. దసరా వెళ్లి గాలి పొడిబారిన తరువాత మళ్లీ సున్నపు డబ్బా బయటికి వస్తుంది.